ఫోనూ ఇంటి ఇంటర్నెట్టూ ఒకే బిల్లులో కలిపే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

మియాపూర్‌లో మీ అపార్ట్‌మెంటుకు వచ్చిన ఏజెంటు చెప్పిన ఆఫరు వివరాలు నువ్వు రాసి పంపావు, చూశాను. ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్, నీకూ అల్లుడు గారికీ చెరో పోస్ట్‌పెయిడ్ నంబరు, అన్నీ కలిపి నెలకు 1,499 రూపాయలు. విడివిడిగా తీసుకుంటే 1,697 అవుతుంది కాబట్టి నెలకు 198 రూపాయలు మిగులుతాయని అతను చెప్పాడన్నావు. ఉద్యోగకాలమంతా టెలిఫోన్ శాఖ బిల్లుల విభాగంలోనే గడిపినవాణ్ణి కనుక నీ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను. ఏజెంటు చెప్పిన అంకెల్లో తప్పు లేదు. అయితే ఆ లెక్క మీ ఇంటి లెక్క కాదు.

అతను చెప్పిన 1,697 ఎలా వచ్చిందో చూడు. బ్రాడ్‌బ్యాండ్‌కు 799, ఒక్కొక్కటి 449 చొప్పున రెండు పోస్ట్‌పెయిడ్ ప్లాన్లకు 898. కానీ మీరిద్దరూ ఈనాటి వరకూ పోస్ట్‌పెయిడ్ వాడనే లేదు. 28 రోజులకు 349 రూపాయల ప్రీపెయిడ్ రీచార్జి చేసుకుంటున్నారు. మీరు కట్టని ధరతో పోల్చి తగ్గింపు చూపిస్తే ఆ తగ్గింపు మీ చేతికి రాదు. పైగా మన దేశంలో ప్రీపెయిడ్ రీచార్జి ధరలోనే పన్ను కలిసి ఉంటుంది, పోస్ట్‌పెయిడ్, బ్రాడ్‌బ్యాండ్ ధరలకు మాత్రం 18 శాతం జీఎస్టీ సాధారణంగా బిల్లులో వేరుగా పడుతుంది. ప్రకటనలో కనిపించే 1,499 బిల్లులోకి వచ్చేసరికి దాదాపు 1,769 అవుతుంది. ఈ తేడాను దాచిపెట్టారని అనలేం, కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కానీ మెట్ల దగ్గర నిలబడి మాట్లాడే మనిషి దాన్ని నోటితో చెప్పడు.

అందుకే ఇలాంటి ఆఫరును నెల లెక్కన కాకుండా ఏడాది లెక్కన, పన్నుతో కలిపి చూడాలి. 28 రోజుల రీచార్జి ఏడాదికి పన్నెండుసార్లు కాదు, పదమూడుసార్లు చేయాలి. 349ని 13తో గుణిస్తే 4,537; ఇద్దరికీ కలిపి 9,074 రూపాయలు. బ్రాడ్‌బ్యాండ్ విడిగా పెట్టించుకుంటే 799 చొప్పున పన్నెండు నెలలకు 9,588, దానిపై జీఎస్టీ కలిపితే 11,314. రెండూ కలిపి 20,388 రూపాయలు. ఏజెంటు చెప్పిన ప్యాకేజీ ఏడాదికి 17,988, పన్నుతో 21,226. అంటే మీరు 198 చొప్పున ఆదా చేయడం అటుంచి, ఏడాదికి 838 రూపాయలు ఎక్కువ కడతారు. మీరు ఇప్పటికే 449 చొప్పున పోస్ట్‌పెయిడ్ వాడుతున్నట్లయితే మాత్రం నేను ఇంకోలా చెప్పేవాణ్ణి, ఎందుకంటే అప్పుడు పన్ను కూడా కలిసి నెలకు 234 రూపాయల దాకా నిజంగానే మిగిలేవి. ఏదైనా నిర్ణయించే ముందు మీ ఇద్దరి ఫోన్లలో గత ఏడాది రీచార్జి వివరాలు తీసి చూడు. రోజువారీ డేటా చాలక మధ్యమధ్య వేసుకున్న చిన్న టాప్‌అప్‌లు ఎక్కువగా కనిపిస్తే ఈ లెక్క ప్యాకేజీ వైపు మొగ్గవచ్చు. అలాగే ఇంట్లో వైఫై వచ్చాక ఫోన్ డేటా ఖర్చు తగ్గుతుంది. అప్పుడు 349 కంటే తక్కువ రీచార్జితోనే సరిపోతుందేమో కూడా ఆలోచించు. ఏజెంటు ఆ మాట ఎలాగూ చెప్పడు.

ఒకే తీగ మీద అన్నీ కలిపి అమ్మడం కొత్త సంగతేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు ఇంటర్నెట్, టీవీ, ల్యాండ్‌లైన్ ఫోను మూడూ కలిపి కనీస ప్యాకేజీ 149 రూపాయలకే ఇచ్చారు. 2021లో ఎయిర్‌టెల్ ‘బ్లాక్’ పేరుతో పోస్ట్‌పెయిడ్, ఫైబర్, డీటీహెచ్‌లలో ఏ రెండింటినైనా ఒకే బిల్లు కిందికి తెచ్చింది. ఒకే బిల్లు, ఒకే గడువు తేదీ, ఒకే కస్టమర్ కేర్ అనే సౌకర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ సెల్‌ఫోన్ నంబరు చేరడంతో ఒక ముఖ్యమైన తేడా వచ్చింది, దాని గురించే నీకు ప్రత్యేకంగా రాయాలి.

నీ ఫోన్ నంబరు ఇప్పుడు మాట్లాడుకోవడానికి మాత్రమే కాదు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, ఆధార్ దానికే జోడించి ఉంటుంది, యూపీఐ దాని మీదే నడుస్తుంది. ఒకే బిల్లులో కలిపిన తరువాత ఇంటి ఇంటర్నెట్ విషయంలో ఏ పేచీ వచ్చినా, అది రౌటర్ తిరిగి ఇవ్వలేదని వేసిన రుసుము కావచ్చు, మీరు రద్దు చేయమన్న తరువాత కూడా వచ్చిన అద్దె కావచ్చు, ఆ మొత్తం చెల్లించకపోతే బిల్లు మొత్తం బకాయిగానే కనిపిస్తుంది. అప్పుడు ఆగిపోయే ప్రమాదం ఓటీపీ వచ్చే నంబరుకే. విడిగా ఉన్నప్పుడు ఇంటర్నెట్ కంపెనీతో నెలల తరబడి వాదించుకున్నా ఫోను మోగుతూనే ఉంటుంది. అదే నంబరుతో వేరే కంపెనీకి మారుదామనుకున్నా, అంటే పోర్ట్ అవుదామనుకున్నా, గడువు దాటిన పోస్ట్‌పెయిడ్ బకాయి ఉంటే పాత కంపెనీ ఆ అభ్యర్థనను తిరస్కరించవచ్చు. ఒప్పందంలో ముందుగా వైదొలిగే షరతు ఉండి దాన్ని పాటించకపోయినా తిరస్కరించవచ్చు. 2011 జనవరి నుంచి దేశమంతటా అమల్లో ఉన్న ఈ పోర్టింగ్ హక్కు మనకు పెద్ద బలం. 1900కు ఎస్సెమ్మెస్ పంపితే వచ్చే కోడ్‌తో కొద్ది రోజుల్లోనే కంపెనీ మారిపోవచ్చు. ఏడాదికి కొన్ని వందల రూపాయలు మిగిలినా సరే, ఆ బలాన్ని వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

కాబట్టి ఎవరి నంబరు కలిపినా సరే, మీ ఇద్దరిలో ఒకరి నంబరు, ముఖ్యంగా జీతం పడే ఖాతాకు జోడించిన నంబరు, ఈ ప్యాకేజీకి బయటే ఉంచండి. వీలైతే అది వేరే కంపెనీది కావడం ఇంకా మేలు. ఇంటి తీగ, ఫోన్ టవర్ రెండూ ఒకే కంపెనీవైతే రెండూ ఒకేసారి మూగబోయే ప్రమాదం ఉంది. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. అటువంటి రోజు ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ఏజెంటు ఇస్తానన్నది అసలైన ఫైబరేనా లేక ఎయిర్‌ఫైబరా అన్నది కూడా అడిగి తెలుసుకో. ఎయిర్‌ఫైబర్‌కు ఇంటిదాకా తీగ ఉండదు, టవర్ నుంచి 5జీ సిగ్నల్‌తో నడుస్తుంది. దానికి అదే కంపెనీ ఫోను జతచేస్తే రెండింటికీ ఆధారం చాలావరకు అదే టవర్ అవుతుంది.

పేర్ల సంగతి ఇంకొకటి. కుటుంబ ప్లాన్లలో ఒక నంబరు ప్రధానంగా, మిగతావి దానికి అనుబంధంగా, అంటే యాడ్-ఆన్‌లుగా ఉంటాయి. అల్లుడు గారి నంబరు కింద నీది యాడ్-ఆన్‌గా చేర్చినంత మాత్రాన తప్పు లేదు, కానీ సిమ్ నీ పేరునే ఉంటుందా, లేక ఆయన పేరుకు మారుతుందా అన్నది సంతకానికి ముందే అడుగు. నీ బ్యాంకుకూ ఆధార్‌కూ జోడించిన నంబరు నీ పేరు మీదే ఉండాలి, ఇందులో మొహమాటానికి తావు లేదు. ఆయన ఆఫీసు ఇంటర్నెట్ ఖర్చు తిరిగి ఇస్తుందని మొన్న ఫోనులో అన్నావు. అలాగైతే ఫోన్లు కలిసిన బిల్లును వాళ్ల అకౌంట్స్ విభాగం ఒప్పుకుంటుందో లేదో కనుక్కో. చాలాచోట్ల బ్రాడ్‌బ్యాండ్ మొత్తం విడిగా కనిపించాలని అడుగుతారు. 799కి పన్ను కలిపి నెలకు 943 రూపాయలు ఆఫీసు నుంచి రాకపోతే ఏ తగ్గింపూ దాన్ని పూడ్చలేదు.

ప్లాన్‌లో చూపించే మిగతా ఆకర్షణల మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. ఓటీటీ చందాలు ఉంటే అవి టీవీలో కూడా వస్తాయా, ఫోన్ తెర మీద మాత్రమేనా అని చూసుకో. అన్‌లిమిటెడ్ అని రాసినా చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటాక వేగం తగ్గిస్తారు, అయితే అంత వాడకం మీ ఇంట్లో ఉండదు.

ఈ ధర ఎన్నాళ్లు అన్నది మాత్రం గట్టిగా అడగవలసిన ప్రశ్న. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ఒక ప్లాన్‌లో చేరిన తేదీ నుంచి ఆరు నెలలపాటు కంపెనీ దాన్ని మనకు నష్టం కలిగేలా మార్చకూడదు. ఆ తరువాత మార్చవచ్చు. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకటి రెండు రోజుల తేడాలో మొబైల్ ధరలు పెంచిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. పెరిగిన రోజున ప్రీపెయిడ్ మనిషి చిన్న రీచార్జికి దిగవచ్చు. ప్యాకేజీలో ఉన్నవాడు ఒక ముక్కను తీసేస్తే మిగతా వాటి తగ్గింపు కూడా పోతుంది. అందుకే మొదటి ఏడాది ధరతో పాటు ఒక సేవ మానేస్తే మిగిలినవాటికి ఎంత పడుతుందో కూడా రాతపూర్వకంగా తీసుకో. వాట్సాప్ సందేశమైనా సరే. నోటిమాటగా చెప్పింది తరువాత ఎవరూ ఒప్పుకోరు.

మీది అద్దె ఇల్లు, ఒప్పందం పదకొండు నెలలు. ప్యాకేజీ మాత్రం పన్నెండు నెలలకు ముందే డబ్బు కట్టించుకునే రకమైతే ఆ ఒక్క నెలే పేచీ పెడుతుంది. ఇల్లు మారినప్పుడు కొత్త వీధిలో వాళ్ల తీగ లేకపోవచ్చు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలలో ఒకటి రెండు కంపెనీలనే లోపలికి రానిస్తారు. అప్పుడు మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు, రౌటర్‌కు డిపాజిట్ ఉందా అని ముందే తేల్చుకో. కనెక్షన్ తీసేయించేటప్పుడు రౌటర్ అప్పగించినట్టు రసీదు లేకుండా దాన్ని చేతి నుంచి వదలవద్దు. టెక్నీషియన్ తొందరలో ఉన్నానంటే, పరికరం మీది సీరియల్ నంబరు కనిపించేలా అతని చేతిలో ఉండగా ఫొటో తీసుకో. నా సర్వీసులో చూసిన బకాయి తగాదాలలో చాలా వాటికి మూలం ఇలాంటి రసీదు లేకపోవడమే.

ఎప్పుడైనా బిల్లులో తేడా వస్తే ముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకోవాలి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజుల లోపు రాయాలి. ట్రాయ్ విడి ఫిర్యాదులను తీసుకోదు కనుక అక్కడికి రాసి కాలం వృథా చేయకు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. టెలికాం కంపెనీల మీద కూడా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది.

ఇంతకీ నీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానని అడిగావు. ముందు మీ అంతస్తులో ఎవరి తీగ బాగా పనిచేస్తోందో, పోయినప్పుడు ఎన్ని గంటల్లో బాగుచేస్తున్నారో పక్క ఫ్లాట్ల వాళ్లను అడుగుతాను. ఆ కంపెనీ బ్రాడ్‌బ్యాండ్‌ను విడిగా, అల్లుడు గారి పేరు మీద, మొదట మూడు నెలలకు మాత్రమే తీసుకుంటాను. ఫోన్లు రెండూ ఇప్పుడున్నట్టే ఉంచుతాను. మూడు నెలలు సవ్యంగా నడిచాక, అప్పటికీ ఆఫరు ఉంటే, అల్లుడు గారి నంబరు ఒక్కదాన్నే కలపడం గురించి మళ్లీ లెక్క వేస్తాను. ఏజెంటు అన్నట్టు ఈ ఆఫరు ఆదివారంతో అయిపోయినా ఇంకో పండగకు ఇంకోటి వస్తుంది. అతను ఇచ్చిన కాగితం రెండు వైపులా ఫొటో తీసి పంపు, వెనక వైపు షరతులు చదివి చెబుతాను. ఈలోగా అతను అడిగినా ఏ ఓటీపీ చెప్పవద్దు. ప్రీపెయిడ్‌ను పోస్ట్‌పెయిడ్‌కు మార్చడం ఇప్పుడు ఒక్క ఓటీపీతో అయిపోతుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న