మానసిక జబ్బుల లెక్కలు సరే, ముందు ఆ నిద్ర మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వెనకబడిన ప్రాంతాల్లో మానసిక జబ్బులు ఎక్కువని చదివాను. నిజమేనా, మా సీమలో కరువే కారణమా? మా నాన్నకు 58 ఏళ్లు. బోరు ఎండిపోయినప్పటి నుంచి నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడరు, గుండె దడ అంటారు. ఈసీజీ బాగానే ఉందన్నారు. ఎనిమిది నెలలుగా మెడికల్ షాపులో ఆల్‌ప్రాజోలం అనే నిద్ర మాత్ర తెచ్చి వేసుకుంటున్నారు. మొదట్లో సగం మాత్ర, ఇప్పుడు రెండు. ఇక మానేయమని గట్టిగా చెబుతున్నాను.

జవాబు: మానేయమని చెప్పకండి. ముందు ఈ మాట నాన్నగారితో చెప్పి, ఆ తర్వాత మిగతాది చదవండి. ఇన్ని నెలలు వాడిన ఆల్‌ప్రాజోలం ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు, అసలు నిద్ర పట్టకపోవడం, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూస్తూ, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. అంతవరకు ఇంకో మాత్ర పెంచొద్దు, మందు తాగే అలవాటుంటే ఈ మాత్రతో కలిపి అస్సలు తాగనివ్వొద్దు, ఊపిరికే ప్రమాదం.

ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రిజిస్టర్‌లో రాయాలి. అయినా సగం మాత్ర దగ్గర మొదలుపెట్టి రెండు, మూడింటికి వచ్చాక మా ఓపీకి వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాం. చీటీ అడగని షాపుది తప్పే, కానీ ఎనిమిది నెలలు ఇంట్లో అందరూ చూస్తూ ఊరుకోవడం కూడా సరికాదు బాబూ. నిద్ర పట్టకపోవడం వెనక ఏముందో ఆ మాత్ర చెప్పదు, కప్పిపెడుతుందంతే.

ఇక మీ ప్రశ్న. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, 18 ఏళ్లు దాటినవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. పల్లెల్లో కంటే మహానగరాల్లోనే ఎక్కువ. అంటే వెనకబడిన చోటే ఎక్కువ అని చెప్పడానికి లేదు. ఆ 12 రాష్ట్రాల్లో మనది లేదు, కాబట్టి ఆ సర్వే చూపించి సీమకు ఇంత అని కూడా అనలేం. పైగా పల్లెల్లో చాలామంది మనసు బాగాలేదని చెప్పరు, తల బరువు, ఒళ్లు మంటలు, గ్యాస్, గుండె దడ అంటారు, ఆ బాధ ఏ లెక్కలోకీ ఎక్కకపోవచ్చు. అప్పులు, పంట పోవడం, నీళ్లు లేకపోవడం డిప్రెషన్ ముప్పు పెంచుతాయి, అందులో సందేహం లేదు, అలాగని కరువే కారణమని చేతులు కట్టుకుని కూర్చోకూడదు. నన్ను భయపెట్టేది అదే సర్వేలోని ఇంకో అంకె: డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ మానసిక సమస్యలున్న వాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. జిల్లాల్లోనే మానసిక వైద్యం అందించే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా తయారైంది మీకు పక్కనే, బళ్లారిలో. అయినా మన దేశంలో ఇదీ పరిస్థితి.

ఉత్తరం చూసి నాన్నగారికి డిప్రెషన్ అని నేను తేల్చలేను. థైరాయిడ్, షుగర్, రక్తహీనత ఉన్నాయేమో చూడాలి, గుండె దడ సంగతి కూడా ఒక్క ఈసీజీతో వదిలేయకండి. డిప్రెషనే అయితే మందులున్నాయి, పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగయ్యాక కూడా కొన్ని నెలలు వాడాలి. పది రోజులకే లాభం లేదని ఆపేసి మళ్లీ షాపుకు వెళ్లొద్దు.

ఇంకొకటి, మీరు రాయలేదు కానీ నేను అడగాలి. బతకాలని లేదు, నేను లేకపోతే మీరు బాగుంటారు లాంటి మాటలు అంటున్నారా? నేరుగానే అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అన్నా అనకపోయినా పురుగుమందు డబ్బాలు ఇవాళే ఇంట్లోంచి తీసేయించండి, మాత్రలు కూడా మీ దగ్గరే పెట్టుకుని పూటకు ఎంతో అంతే ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఈ వారంలోనే అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. మాత్రల షీటు, ఈసీజీ కాగితం, బీపీ, షుగర్ మందులు వాడుతుంటే అవీ వెంట తీసుకెళ్లండి. రోజుకు ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారో డాక్టర్‌తో దాచకుండా చెప్పండి.