ఫోనులో ప్రార్థన పుస్తకం

ప్రశ్న: మాది కోనసీమ. యెరూషలేములో ఎనభై ఏళ్లు దాటిన ఒక యూదు వృద్ధురాలిని చూసుకునే పనిలో ఉన్నాను. ఆమెను ‘సఫ్తా’ అని పిలుస్తాను. అంటే హీబ్రూలో అమ్మమ్మ. ప్రార్థన పుస్తకంలోని సన్నని అక్షరాలు కనబడడం లేదని బాధపడుతుంటే, మనుమరాలు వచ్చి ఫోనులో ప్రార్థనల యాప్ పెట్టి ఇచ్చింది. సఫ్తా కాసేపు చదివి, ‘ఇది ప్రార్థన అవుతుందా?’ అంటూ పక్కన పెట్టేస్తున్నారు. శనివారం ఫోను ముట్టనే ముట్టరు. ఆ రోజు నేనే తెరిచి ఆమె ముందు పట్టుకోవచ్చా? నేను క్రైస్తవురాలిని.
– ఒక సోదరి, యెరూషలేము

జవాబు: ముందుగా సఫ్తా సందేహం సంగతి చూద్దాం. యూదులు ‘సిద్దూర్’ అని పిలిచే ప్రార్థన పుస్తకంలో దేవుని నామం అచ్చై ఉంటుంది కనుక దానిని చెరపకూడదు, చిరిగిన పుస్తకాన్నయినా పారవేయకుండా భూమిలో పాతిపెడతారు. ఫోను తెర మీది అక్షరాలు నిలిచి ఉండేవి కావు కాబట్టి తెర ఆర్పడం నామాన్ని చెరపడం కాదని రబ్బీలలో (యూదు మతగురువులలో) ఎక్కువమంది చెబుతారు. ఇక ప్రార్థన ఎక్కడి నుంచి చదివామన్నది కాదు ముఖ్యం. బైబిలులో మీకు బాగా తెలిసిన హన్నా కథే తీసుకోండి. షిలోహులో ఆమె పెదవులు కదిలాయే గాని స్వరం వినబడలేదు, యాజకుడైన ఏలీ ఆమెను మత్తులో ఉన్నదనుకున్నాడు. అక్షరాలను పెదవులతో పలకాలి, గొంతు మాత్రం పైకి వినిపించకూడదు అన్న ప్రార్థన నియమాన్ని తాల్ముద్ (యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం) పండితులు ఆ స్త్రీ నుంచే నేర్చుకున్నారు. ఆమె చేతిలో పుస్తకమే లేదు. ఈ మాట సఫ్తాకు గుర్తుచేయండి, ఆమెకు తెలియనిది కాకపోయినా సంతోషిస్తారు.

యాప్‌లో మీరు సరిచూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఉదయం మేలుకొనగానే చెప్పే కృతజ్ఞతా వాక్యాన్ని పురుషుడు ‘మోదే అని’ అని మొదలుపెడితే స్త్రీ ‘మోదా అని’ అంటుంది; తరువాతి ఆశీర్వచనాలలో కూడా స్త్రీలు పలికేది ఒకటి వేరుగా ఉంటుంది. అందువల్ల స్త్రీల పాఠాన్ని ఎంచుకునే వీలు ఉంటే దానిని, కుటుంబం పాటించే సంప్రదాయాన్ని (యూరప్ యూదుల అష్కెనాజీయా, తూర్పు దేశాలదా అన్నది) మనుమరాలినే అడిగి పెట్టించండి. ఊరి పేరు యెరూషలేమనే ఉండాలి, ఎందుకంటే ప్రార్థన వేళలను పగటిని పన్నెండు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక ‘గంట’గా లెక్కిస్తారు. అక్కడ ఆ ‘గంట’ జూన్‌లో సుమారు 70 నిమిషాలైతే డిసెంబరులో 50 మాత్రమే. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే సబ్బాతు (యూదుల విశ్రాంతి దినం) కోసం దీపాలు వెలిగించే వేళ కూడా చాలా చోట్ల సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందైతే, యెరూషలేములో 40 నిమిషాల ముందే. నిలబడి, పాదాలు దగ్గరగా పెట్టి చేసే అమీదా ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదు కాబట్టి, అంతకుముందే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి.

శనివారం మాత్రం మీరు ఫోను తెరిచి పట్టుకోవద్దమ్మా. మీ ప్రేమను నేను అర్థం చేసుకోగలను. కాని సబ్బాతు నాడు తమ కోసం యూదేతరులు చేసిన పని ఫలితాన్ని కూడా వారు అనుభవించకూడదన్నది నియమం. రోగుల విషయంలో మినహాయింపులు ఉన్నా, వాటిని నిర్ణయించవలసింది ఆ కుటుంబం నమ్మే రబ్బీయే. ప్రాణాపాయం ఏర్పడితే ఈ నియమాలేవీ అడ్డు రావు: ఎవరినీ అడగకుండా వెంటనే 101కి ఫోను చేసి అంబులెన్సును పిలవండి.

ఆ ఒక్క రోజుకు పెద్ద అక్షరాల సిద్దూర్ ఒకటి కొనిపెట్టమని కుటుంబంతో చెప్పండి. శుక్రవారం సఫ్తా దీపాలు వెలిగించేలోగా ఫోనును సొరుగులో పెట్టి, ఆ పుస్తకాన్ని, కళ్లజోడును ఆమె కుర్చీ పక్కన, చేతికి అందేచోట ఉంచండి.