కౌలు కార్డు లేకుండా ఈసారి నాట్లు వెయ్యకు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఈ ఏడు నువ్వు మూడెకరాలు కౌలుకి తీసుకున్నావని, ఎకరానికి పాతిక బస్తాలకి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. విత్తనం, ఎరువు సంగతులు నాకన్నా నీకే బాగా తెలుసు. నేను రాసేది కాగితాల సంగతి. డబ్బు వేసేటప్పుడు ప్రభుత్వం చేలో దిగింది ఎవరో చూడదు, రికార్డులో పేరెవరిదో చూస్తుంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నా నాలుగెకరాల వరి కోసి పనల మీద ఉంది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే కంకుల్లోంచి తెల్లగా మొలకలు. పన ఎత్తితే బురద కారింది. మీ అత్త గట్టు మీద కూలబడి చాలాసేపు లేవలేదు. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదులో పొలం సొంతదారు, అంటే ఆసామి పేరే ఉంది, నాది నోటిమాట కౌలు. పరిహారం మెసేజ్ ఆయన ఫోన్‌కే వెళ్లింది. అడిగితే "భూమి నాదే కదా" అన్నాడు. కౌలు బస్తాలు ఒక్కటీ తగ్గించలేదు. ఆ అప్పు ఇంకా కడుతున్నాను. నీకు ఆ గతి పట్టకూడదు.

అందుకే నారు పోసేలోపే కౌలు కార్డు, అదే సీసీఆర్‌సీ, చేయించుకో. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు అది. గడువు 11 నెలలే, కాబట్టి ఏటా కొత్తది తీసుకోవాలి. దానికి ఆసామి సంతకం కావాలి, అసలు కష్టమంతా అక్కడే. సంతకం పెడితే కౌలుదారు పొలంలో పాతుకుపోతాడని వాళ్ల భయం. పాత కౌలు చట్టం రోజుల నుంచీ ఉన్న భయం, కోప్పడితే పోదు. ఈ కార్డుతో నీకు పంట మీదే తప్ప భూమి మీద ఏ హక్కూ రాదని నెమ్మదిగా చెప్పు. ఒప్పంద పత్రం ముందే తెచ్చి ఆయన చేతిలో పెట్టు, చదువుకోనీ. ఆయన మాట వినే పెద్దమనిషినెవరినైనా వెంట తీసుకెళ్లు. కౌలు తగ్గించమని మాత్రం అదే పూట అడగకు. చాలామంది ఆసాములకి ఆ పొలం మీద అప్పటికే పంట రుణం ఉంటుంది, నువ్వూ బ్యాంకుకి వెళ్తావేమోనని టెన్షన్. ఆ మాట వస్తే, ఈ పొలం మీద అప్పు అడగనని మాటివ్వు.

పీఎం కిసాన్ 6,000 భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. సెంటు భూమి లేని నీకు రాదు, దాని కోసం తిరగకు. రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ మాత్రం కార్డు ఉంటే భూమిలేని కౌలు రైతుకీ వర్తిస్తుంది. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పట్టాదారుకే ఇచ్చారు, మీ పిన్ని వాళ్లు కౌలుకి చేస్తూ పైసా చూడలేదు. మనకి ఈ దారైనా ఉంది, వదులుకోకు.

నాట్లయ్యాక ఈ-పంట నమోదుకి వ్యవసాయ సహాయకుడు వచ్చి పొలం ఫొటో తీసేటప్పుడు నువ్వే గట్టు మీద నిలబడు. పని ఉందని తమ్ముణ్ణి పంపకు. వేలిముద్ర వేశాక రసీదు అడిగి తీసుకుని సర్వే నంబరు, ఎకరాలు, సాగుదారు పేరు అక్కడికక్కడే చదువు. ధాన్యం మద్దతు ధరకి అమ్మాలన్నా, తుపాను పరిహారం రావాలన్నా ఆ నమోదే ఆధారం.

ఇంకొకటి. హైదరాబాద్‌లో తాపీ పనికి వెళ్లినప్పుడు ఒక బ్యాంకు ఖాతా తెరిచావు కదా. ఈ డబ్బు నువ్వు రాసిచ్చిన ఖాతాకి కాదు, ఆధార్ చివరగా లింకైన ఖాతాకి వెళ్తుంది. అది ఏదో బ్యాంకులో కనుక్కో.

ఆసామి దగ్గరికి ఎప్పుడు వెళ్తావో ఫోన్ చెయ్యి. ఆదివారమైతే పొద్దున బస్సుకి నేనూ వస్తాను. నా పాత రసీదు తెస్తాను, ఏ గడిలో పేరు చూడాలో నీకు చూపిస్తాను.

మీ మామయ్య