సిస్టమ్ స్లో అయితే ఫార్మాట్ కొట్టించాలా? డి డ్రైవ్‌లో ఉన్నవి భద్రమేనా?

మీరడిగింది ఇదీ: పాత డెస్క్‌టాప్, ఆన్ అవ్వడానికే యుగం పడుతోంది, షాపతను విండోస్ ఉండే సి డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టి, అంటే ఖాళీ చేసి, విండోస్ కొత్తగా ఎక్కిస్తే పరిగెడుతుంది, డి డ్రైవ్ జోలికి వెళ్ళను అన్నాడు, ఇవ్వొచ్చా అని. నన్నడిగితే ఇప్పుడే ఇవ్వకండి. ముందు లోపలున్నది పాతకాలం తిరిగే హార్డ్ డిస్కా, తిరిగే భాగాల్లేని, వేగంగా నడిచే ఎస్ఎస్‌డీనా చూడండి. హార్డ్ డిస్కే అయితే ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్ళీ మామూలే. మన దగ్గర రిపేర్ షాపుల్లో ప్రింటర్ రాకపోయినా ఫార్మాటే, సౌండ్ రాకపోయినా ఫార్మాటే, ఎందుకంటే వాళ్ళకి అది సుఖం, పెన్‌డ్రైవ్ పెట్టి నెక్స్ట్ నెక్స్ట్ కొట్టేసి టీకి వెళ్ళొచ్చు, అసలు లోపం ఎక్కడుందో వెతకాలంటే బుర్ర పెట్టాలి కదా మరి.

డి డ్రైవ్ సంగతి మా బావని అడగండి చెప్తాడు. తెనాలిలో ఆయనకి డీటీపీ షాపుంది. పెళ్ళికార్డులు, గృహప్రవేశాలు, కరపత్రాలు అన్నీ పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోనే, "అను" అనే పాత తెలుగు ఫాంట్లలోనే చేస్తాడు. ఆషాఢంలో ముహూర్తాలుండవని అందరూ ఖాళీగా ఉంటారు గానీ డీటీపీ వాళ్ళకి ఊపిరాడదు, శ్రావణం పెళ్ళిళ్ళ కార్డులన్నీ అప్పుడే కొట్టించుకుంటారు. సరిగ్గా అప్పుడే సిస్టమ్ మొండికేసింది. షాపు నుంచి ఒక కుర్రాడొచ్చి అటూ ఇటూ నొక్కి చూసి "విండోస్ కరప్ట్ అయిందన్నా, సాయంత్రానికి చేసిస్తా, డేటా ఎక్కడుంది?" అన్నాడు. బావ "డి లో" అన్నాడు. అంతే, సీపీయూని బండి మీద ముందు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చెప్పినట్టే సాయంత్రానికి తెచ్చాడు, టక్కున ఆన్ అయింది, డబ్బులు తీసుకున్నాడు, పోయాడు. ప్రూఫ్ చూసుకోడానికి పెళ్ళికూతురి బాబాయి ఒకాయన అప్పటికే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బావ ఫైల్ తెరిస్తే చి.ల.సౌ. ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఏ అక్షరాలు. పెళ్ళికూతురి పేరూ అదే, పెళ్ళికొడుకు పేరూ అదే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడంట పాపం. బావ నాకు ఫోన్ చేసి "ఒరే, కార్డులన్నీ ఇంగ్లీషైపోయినయ్ రా, వైరసేమన్నా పెట్టాడంటావా" అన్నాడు. నేను గుంటూరులో ఉంటా, బస్సెక్కి వెళ్ళా.

వైరసూ కాదు పాడూ కాదు. ఫైళ్ళు డి లో ఉన్నాయి, నిజమే, కానీ ఫాంట్లు ఉండేది సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల. అను లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసినప్పుడు ఫైల్‌లో తెలుగు అక్షరాలు ఉండవు, ఇంగ్లీషు గుర్తుల కోడ్లే ఉంటాయి, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటే. అది పోతే తెలుగూ పోయినట్టే. ఇంకోటి, బావ ఆ వారం పనులన్నీ చేతికందేట్టు డెస్క్‌టాప్ మీదే పెట్టుకునేవాడు, ఆ డెస్క్‌టాప్ కూడా సి డ్రైవ్‌లోదే, అవి మొత్తం ఎగిరిపోయాయి. కుర్రాడికి ఫోన్ చేస్తే "నేను డి ముట్టుకోలేదన్నా, మీరే డి అన్నారు" అన్నాడు. అదీ నిజమే, అందుకే ఇంకా మండింది.

సి ని ఫార్మాట్ చేయకుండా దాని మీదే ఇన్‌స్టాల్ చేసున్నా పాతదంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్ళేది, డెస్క్‌టాప్ ఫైళ్ళు దాంట్లోంచి తీసుకునేవాళ్ళం. కుర్రాడు ఫార్మాటే కొట్టాడు కాబట్టి హార్డ్ డిస్క్ ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, పోయిన ఫైళ్ళు వెతికే ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ నడిపా. క్విక్ ఫార్మాట్ డేటాని నిజంగా తుడవదు, ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టికని మాత్రమే ఖాళీ చేస్తుంది, కానీ దాని మీద కొత్త విండోస్ ఎక్కింది కాబట్టి చాలా భాగం కింద పడి నలిగిపోయింది. దొరికినవాటికి పేర్లు పోయి ఉత్త నంబర్లు, అందులో ఎక్కువ వినాయకుడి బొమ్మలూ బ్రౌజర్ ఐకాన్లూ. డెస్క్‌టాప్ కార్డులన్నీ కస్టమర్లు రాసిచ్చిన కాగితాలు చూసి మళ్ళీ టైప్ చేయాల్సొచ్చింది, రాత్రంతా అక్క కూడా కూర్చుని చదివి చెప్పింది.

ఫాంట్ల సీడీ అటక మీద దొరికింది గానీ సీపీయూలో డీవీడీ డ్రైవ్ పనిచేసి ఏళ్ళయింది. చివరికి ఫోటో స్టూడియో వాళ్ళ దగ్గర డీవీడీ రైటర్ అడిగి తెచ్చాం. ఫాంట్లు ఎక్కగానే డి లో ఉన్న కార్డులన్నీ ఏమీ జరగనట్టు తెలుగులోకి వచ్చేశాయి. ఆఖర్న డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే డిస్క్‌కి పసుపు రంగులో కాషన్ అని చూపిస్తోంది, డేటా రాసుకునే సెక్టార్లు చచ్చిపోతున్నాయి. అంటే ఫార్మాట్ అసలు అక్కర్లేదు, డిస్క్ మార్చాల్సింది. ఎస్ఎస్‌డీ వేశాం, అదే పాత ఐ3 ప్రాసెసర్ సిస్టమ్ ఇప్పటికీ సుబ్బరంగా నడుస్తోంది.

ఇంకా ఈ ఫాంట్ల గోల ఎన్నాళ్ళండీ. ఏ ఫాంటైనా తెలుగు తెలుగుగానే ఉండేలా ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంట్ వచ్చింది, ఇప్పుడు మండలి, రామభద్ర, తెనాలి రామకృష్ణ అని అందమైన ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఊళ్ళలో డీటీపీ మాత్రం అదే 2001 నాటి పేజ్‌మేకర్ 7 దగ్గరే ఆగిపోయింది, దానికి యూనికోడ్ తెలీదు. యూనికోడ్ తెలిసిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో బావా అంటే "నా చేతికి ఈ కీబోర్డే అలవాటు, నువ్వొచ్చి పెళ్ళికార్డు చెయ్ చూద్దాం" అంటాడు. మీ దగ్గర కూడా పాత తెలుగు ఫైళ్ళుంటే ఫాంట్ ఫైళ్ళు ముందు పెన్‌డ్రైవ్‌లోకి లాగండి, లెక్కలకి ట్యాలీ వాడితే దాని డేటా ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉందో కూడా చూసుకోండి.

అయినా ఫార్మాట్ తప్పదంటే మీరే చేసుకోండి, కష్టం కాదు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ తయారుచేసే మీడియా క్రియేషన్ టూల్ ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. విండోస్ 8 నుంచి కంపెనీ విండోస్‌తో అమ్మిన మెషిన్లకి లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. షాపుల్లో ఇది పట్టించుకోకుండా ఒరిజినల్ హోమ్ పీకేసి యాంటీవైరస్ ఆపేసి క్రాక్ ప్రో వేసి దానికి మళ్ళీ డబ్బులు, ఇదేం న్యాయమో. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి, మీ పాతదానికి ఉందో లేదో ముందే చూడండి. 11 వేయించినా షాపువాళ్ళ మెయిల్‌తో లాగిన్ చేయనివ్వకండి, ఇప్పటి వెర్షన్లలో డ్రైవ్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవ్వొచ్చు, అంటే కీ లేకుండా తెరవలేనట్టు తాళం పడొచ్చు, అప్పుడు ఆ 48 అంకెల రికవరీ కీ వాళ్ళ అకౌంట్‌లోకి పోతుంది, రేపెప్పుడో నీలం తెర వచ్చి కీ అడిగితే మీరు వాళ్ళ చుట్టూ తిరగాలి.

అమ్మేయడానికి ఫార్మాట్ అయితే మాత్రం లెక్క వేరే. షాపతను కొట్టే క్విక్ ఫార్మాట్ సరిపోదు, కొన్నవాడు ఫోటోలు బయటికి తీయగలడు. విండోస్ సెట్టింగ్స్‌లో ఉండే రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, ఛేంజ్ సెట్టింగ్స్‌లో క్లీన్ డేటా ఆన్ చేయండి. హార్డ్ డిస్క్ మీద గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి, కాకపోతే డెస్క్‌టాప్ కాబట్టి యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే రాత్రి పెట్టకండి.