గోల్కొండ వజ్రాల గనులు చూపించే పాత ఫ్రెంచి మ్యాపు దొరికింది, అసలుదేనా? అమ్మితే ఎంతొస్తుంది?

ట్రంకు పెట్టెలో దొరికిన మ్యాపు, కృష్ణ ఒడ్డున వజ్రాల గనులని ఫ్రెంచిలో రాసి ఉంది అన్నారు. ధర సంగతి తర్వాత. ముందు దాన్ని ఫ్రేము కట్టించకండి. నా దగ్గరున్న కోరమండల్ తీరం మ్యాపుని ఒక షాపువాళ్లు జిగురు పూసి అట్టకి అతికించేశారు. వానాకాలం గడిచేసరికి గోధుమరంగు మచ్చలు తేలాయి.

భూతద్దం పెట్టి చూడండి. గీతలు, రంగులు సన్నటి చుక్కలుగా విడిపోతే అది ఈ కాలపు ప్రింటు. రాగి రేకు మీద చెక్కి అచ్చేసినదైతే గీత తెగకుండా సాగుతుంది, చుట్టూ అంచుల్లో రేకు నొక్కుకున్న గుంట చేతికి తగులుతుంది. లైటుకి ఎదురుగా పట్టుకుంటే పాత చేతి కాగితంలో వరుస గీతలు కనిపిస్తాయి.

నాకు బాగా పనికొచ్చిన ఉపాయం అంచున వేసిన రేఖాంశాలు. అప్పటి ఫ్రెంచివాళ్లు గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టలేదు, ఎక్కువగా పారిస్‌కి 20 డిగ్రీలు పడమరన ఫెర్రో దీవి నుంచి లెక్కేసేవాళ్లు. ఆ లెక్కన మచిలీపట్నం 99కి అటూఇటూగా పడాలి. నేరుగా గ్రీనిచ్ లెక్కలోని 81 అని ఉంటే అనుమానించాల్సిందే.

ఇక గనులు. గోల్కొండ కోటలో గనుల్లేవు, అది వజ్రాల బజారు. తవ్వింది కొల్లూరులో, పరిటాలలో, కర్నూలు వైపు. పారిస్‌లో కూర్చుని మ్యాపు గీసినవాడు ఇవేవీ చూడలేదు, బాటసారుల ప్రయాణం రోజుల్ని కొలిచి చుక్క పెట్టేవాడు. ఆ గనులు చూసొచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ పుస్తకం 1676లో వచ్చింది. కొల్లూరు గోల్కొండకి ఏడు రోజుల దారి అనీ, అక్కడ 60 వేల మంది దాకా పనిచేస్తున్నారనీ ఆయన రాశాడు. రౌల్కొండ అనే ఇంకో గని అయిదు రోజుల దారి అన్నాడు. అది కర్నూలు దగ్గరి రామళ్లకోట అని ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్ తర్వాత గుర్తించాడు. మీ మ్యాపులో ఈ రెండు పేర్లూ ఉంటే దాదాపుగా టావెర్నియర్ తర్వాతిదే అనుకోవచ్చు. చుక్క మాత్రం అసలు చోటికి చాలా దూరంలో ఉండొచ్చు, అది నకలని చెప్పడానికి గుర్తు కాదు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్లకింద పోయింది కాబట్టి పోల్చి చూద్దామన్నా ఊరు లేదు. నాకైతే ఆ తప్పు చుక్కే ముద్దొస్తుంది!

అరుదా అంటే, చాలావరకు ఇవి అట్లాసుల్లోంచి చింపిన పేజీలే. ఫ్రెంచి మ్యాపులకర్త దెలీల్ 1723లో వేసిన మలబారు, కోరమండల్ తీరాల మ్యాపునే ఆమ్‌స్టర్‌డామ్‌లో కోవెన్స్, మోర్తియే అనే ప్రచురణకర్తలు మళ్లీ అచ్చేశారు. మూలన అలంకారపు చట్రంలో ఎవరి పేరుందో చూసి, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంవాళ్ల గాలికా సైటులోనూ, డేవిడ్ రమ్సీ ఆన్‌లైన్ మ్యాపుల సంగ్రహంలోనూ అదే రేకుతో వేసిన అచ్చు ఉందేమో పోల్చండి. రెండూ ఉచితమే. ఎన్నోసారి వేసిన అచ్చు, అంచులు కత్తిరించారా, మడత దగ్గర చిరిగిందా, వీటిని బట్టే ధర. ఫొటో చూసి అంకె చెప్పేవాళ్లని నమ్మకండి.

విదేశీ వేలానికి పంపుదామనుకుంటే మాత్రం ఆగండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువుల్ని సొంతంగా దేశం దాటించకూడదు. మీ మ్యాపు ఆ కిందికొస్తుందో లేదో ముందు భారత పురావస్తు శాఖ (ఏఎస్ఐ) వాళ్లని అడిగి రాతలో తీసుకోండి. దేశంలోపల అమ్ముకోవడం వేరే సంగతి.