కాలనీ ఈతకొలను మూసేస్తామంటున్న మున్సిపాలిటీని ఒప్పించడం ఎలా?

నష్టం వస్తోందని మీ కాలనీ ఈతకొలను మూసేస్తామంటున్నారు, వినతిపత్రం ఇస్తే ఏమైనా లాభముంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుంది. కాకపోతే "దయచేసి మూయకండి" అని రాసి ఊరుకోవద్దు. మూస్తే ఎంత ఖర్చవుతుందో రాయండి.

మా దగ్గర ఒకసారి ఖర్చు మిగులుతుందని నీళ్ళన్నీ తోడేసి, పంపు ఆపేసి, గేటుకు తాళం వేశారు. వానాకాలం వెళ్ళాక కాలనీవాళ్ళం పట్టుబట్టి తాళం తీయించాం. లోతు వైపు అడుగు మధ్యలో ఉబ్బిపోయి ఉంది. టైల్స్ లేచిపోయి, కాలు పెడితే టకటకలాడుతున్నాయి. పగుళ్ళలోంచి బురదనీరు ఊరుతోంది. మాతో వచ్చిన ఇంజనీరు గొంతుకూర్చుని ఒక టైలు చేత్తోనే ఊడదీసి, "నీళ్ళు ఉంచి ఉంటే ఇలా అయ్యేది కాదండీ" అన్నాడు. వానలకు భూమిలో నీటిమట్టం పెరిగి కింద నుంచి తోస్తుంది. కొలను నిండుగా ఉంటే ఆ బరువు దాన్ని అణిచిపెడుతుంది. ఖాళీ చేస్తే ఆ కాంక్రీటు తొట్టి పడవలా పైకి తేలాలని చూస్తుంది. ఆ ఒత్తిడి వదలడానికి అడుగున ఒక వాల్వు ఉంటుంది, మా దాంట్లో అది మట్టితో పూడిపోయింది.

మరమ్మతు అంచనా, మూసి మిగిల్చిన డబ్బును దాటిపోయింది. మా సంతకాల కట్టను అప్పటిదాకా పక్కన పడేసిన కౌన్సిల్ సభ్యులు ఆ అంచనా కాగితాన్ని మాత్రం చేతులు మార్చుకుని మరీ చదివారు. కొలను మళ్ళీ తెరిచారంటే దాని వల్లే. ఏ ఊళ్ళోనైనా ఇంతే జరుగుతుంది, నాకు సందేహం లేదు.

ఇక టికెట్లు తెగడం లేదంటారు. తెగేలా నడిపితే కదా! ఉదయం మంచి వేళంతా కోచింగ్ బ్యాచ్‌లకే ఇచ్చేస్తారు. ఆడవాళ్ళకు కేటాయించేది మిట్టమధ్యాహ్నం. ఉద్యోగం చేసే మనిషి ఆ వేళకు ఎలా వస్తుంది? నీళ్ళ దగ్గర ముక్కు పగిలే వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని తగ్గించేస్తారు. అది నాకు ఒళ్ళు మండే విషయం. ఆ ఘాటు క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిస్తే పుట్టే క్లోరమైన్లది. అందరినీ స్నానం చేసి దిగమనాలి, కొంత పాతనీరు తీసి కొత్తనీరు కలపాలి, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్‌ను 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలి. ఇవి చేయకుండా జనం రావడం లేదంటే నేను ఒప్పుకోను.

అసలు దీన్ని లాభనష్టాల పద్దులో వేయడమే అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో పావువంతు అయిదేళ్ళలోపు పసివాళ్ళు. బడి వయసు పిల్లలకు ఈత నేర్పించమని ఆ సంస్థే చెబుతోంది. ఇంటి దగ్గర కొలను లేకపోతే క్లబ్బు సభ్యత్వం కట్టలేని ఇంటి పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి? చెరువులోనా? మునిగిపోయే పిల్ల కేకలు వేస్తుందనుకుంటాం. చాలాసార్లు అరవడానికి ఊపిరే అందదు, పక్కనున్నవాళ్ళకు కూడా తెలియదు. అందుకే లైఫ్‌గార్డు జీతం దగ్గర పొదుపు చేస్తామంటే ససేమిరా ఒప్పుకోకండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను కూడా కౌన్సిల్ సమావేశానికి తీసుకెళ్ళండి. గుండెలోతు నీళ్ళలో ఒంటి బరువు చాలావరకు నీరే మోస్తుంది కాబట్టి, రోడ్డు మీద నడవలేని వాళ్ళు కూడా అందులో నడవగలరు. ఆ మాట వాళ్ళ నోటే చెప్పించండి.

వినతిపత్రంలో నిర్వహణకు ఏటా విడిగా పద్దు, సాయంత్రం ఆడవాళ్ళకు వేళ, రోజూ నీటి పరీక్ష ఫలితం గేటు దగ్గర బోర్డు మీద రాయడం అడగండి. మరమ్మతుల కోసం మూయాల్సి వచ్చినా ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పందే కొలను ఖాళీ చేయకూడదని తీర్మానంలో రాయించండి. బడ్జెట్ ఖరారు కాకముందే వెళ్ళండి, తర్వాత వెళితే వచ్చే ఏడాది చూద్దామంటారు.