‘అమూర్’ వేసేముందు

అమ్మలూ,

ఆశీస్సులు. మీ కాలనీ ఫిల్మ్ క్లబ్బులో వచ్చే నెల ‘అమూర్’ అనే ఫ్రెంచి సినిమా వేస్తున్నామని రాశావు, చాలా సంతోషం. ఏళ్ల తరబడి ఫిల్మ్ సొసైటీ నడిపినవాణ్ణి కదా, నాలుగు మాటలు చెబుతాను.

పోస్టరు మీద ‘వృద్ధ దంపతుల ప్రేమకథ’ అని మాత్రం వెయ్యకు. అది అబద్ధం కాదు గానీ, ఆ మాట చూసి హాయిగా పొద్దుపుచ్చుదామని వచ్చేవాళ్లు తట్టుకోలేరు. ఉన్న సంగతే రాయి: పారిస్‌లో ఎనభై దాటిన ఇద్దరు సంగీతం టీచర్లు, భార్య ఆన్‌కి ఆపరేషన్ వికటించి ఒంట్లో కుడివైపు చచ్చుబడిపోతుంది, మళ్లీ ఆసుపత్రికి పంపనని మాటిచ్చి భర్త జార్జ్ ఇంట్లోనే చూసుకుంటాడు. 2012 కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ దోర్, 2013లో ఆస్ట్రియా తరఫున ఆస్కార్ వచ్చాయని ఓ మూల వేస్తే చాలు.

సౌండ్ విషయంలో రాజీపడకు. ఆన్ మొదటిసారి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుండిపోయే ఘట్టం గుర్తుందా? జార్జ్ తువ్వాలు తడపడానికి కుళాయి తిప్పి, కట్టకుండానే గదిలోకి వెళతాడు. నీళ్ల చప్పుడు వినబడుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆమెకు తెలివి వచ్చిందని అతనికీ మనకీ ఆ నిశ్శబ్దమే చెబుతుంది. ఫ్యాన్ల హోరులో అది పోయిందంటే దర్శకుడు హనెకె పడ్డ శ్రమంతా పోయినట్టే. నేపథ్య సంగీతమంటూ లేని సినిమా ఇది. ఎవరైనా పియానో ముందు కూర్చుంటేనో, సీడీ పెడితేనో వినబడుతుంది, అదీ మధ్యలో తెగిపోతుంది. చివరి పేర్లు కూడా మౌనంగానే నడుస్తాయి. అవి అయ్యేదాకా లైట్లు వెయ్యనివ్వకు.

అయిపోగానే మైకు తీసుకుని ‘చివర్లో జార్జ్ చేసింది తప్పా ఒప్పా’ అని అడగొద్దు (అదేమిటో కింద చెబుతాను). అలా అడిగితే సభ రెండు ముక్కలై వాదించుకుంటుంది, అంతకు ముందు రెండు గంటలు చూసినదంతా గాలికి పోతుంది. జార్జ్ ఆమెను బాత్రూములో లేవనెత్తి నిలబెట్టడం, నీళ్లు తాగనని ఉమ్మేస్తే చెయ్యి చేసుకోవడం, జుట్టు మొరటుగా దువ్విన నర్సును మాన్పించడం, వీటి గురించి మాట్లాడించు. కూతురు ఎవా మీద జనానికి కోపం వస్తుంది. నటి ఇజబెల్ ఉప్పేర్ ఆ పాత్రను రాతిమనిషిలా చెయ్యలేదు. మంచం పక్కన కూర్చుని ఇళ్ల కొనుగోళ్ల గురించి మాట్లాడేది దిక్కుతోచకే అని నా నమ్మకం. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు మీ సభలో ఉంటారు, ఆ అమ్మాయిని తిట్టడంతో చర్చ ముగియనివ్వకు.

ఇక అసలు సంగతి. ఆన్ చనిపోయిందని మొదటి సన్నివేశంలోనే తెలుస్తుంది. భర్తే దిండు అదిమి ప్రాణం తీస్తాడన్నది మాత్రం చివరి దాకా తెలియదు. ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకుంటున్నవాళ్లకి ఆ సంగతి విడిగా, ముందే చెప్పెయ్యి. కథ తెలిసిపోతుందని వెనకాడకు, చూడాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు.

వస్తామంటే వాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంటుంది, ఇల్లు వదిలి రాలేరు. సినిమా రెండు గంటల ఏడు నిమిషాలు, చర్చతో కలిపి మూడు గంటలు వేసుకో. అంతసేపూ వాళ్లింట్లో కూర్చోవడానికి, మందు వేళ తెలిసిన మనిషిని ఒకరిని మీ క్లబ్బే చూసిపెట్టాలి.

మీ మామయ్య